నలుగురు కొత్త అల్లుళ్లు

మా అత్తగారి కుటుంబానికి నేను అల్లుణ్నయి పద్దెనిమిదేళ్లయింది. జరిగిన మర్యాదల మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. మొదటి సంక్రాంతికి కుట్టించిన ప్యాంటు రెండంగుళాలు పొట్టిగా వచ్చినా నోరెత్తలేదు. కానీ పోయిన ఏడాది ఆ ఇంట్లోకి నలుగురు కొత్త అల్లుళ్లు దిగారు. వాళ్లకు జరుగుతున్న మర్యాదలు చూశాక, పాత అల్లుళ్ల తరఫున కొన్ని విషయాలు లోకానికి చెప్పక తప్పదనిపించింది.

ఆ నలుగురూ మా బావమరిది కారు చక్రాలు.

బావమరిది న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నలభై దాటగానే కొందరికి షుగరొస్తుంది, కొందరికి వైరాగ్యమొస్తుంది. వీడికి 1972 నాటి డి తొమాసో పాంటెరా వచ్చింది. పాంటెరా అంటే ఇటాలియన్‌లో చిరుతపులి. ఒళ్లు ఇటలీది. సీట్ల వెనక కూర్చున్న 5.8 లీటర్ల ఇంజన్ మాత్రం ఫోర్డ్‌ది. అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ దగ్గరా ఒకటుండేది. స్టార్ట్ కాలేదని కోపమొచ్చి ఆయన దాన్ని తుపాకీతో కాల్చాడు. మావాడి కారు విషయంలో అంతదాకా రాలేదు, స్టార్ట్ చేస్తే కదా. ఏడు నెలలుగా ఆ చిరుత గరాజ్‌లో నాలుగు స్టాండ్ల మీద, కాళ్లు లేకుండా నిలబడి ఉంది.

కాళ్లు మెగ్నీషియంవి. సైకిల్ పందేలవాళ్లకు గేర్లు చేసే కాంపన్యోలో కంపెనీ పోత.

ఎందుకురా మెగ్నీషియం అనడిగితే పాఠం చెప్పాడు. ఇనుము నీళ్లకంటే దాదాపు 7.9 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, మెగ్నీషియం 1.74 రెట్లే. పైగా కారులో స్ప్రింగుల పైనుండే బరువు వేరు, కిందుండే బరువు వేరట. గుంతలో పడి ఎగిరిన చక్రాన్ని మళ్లీ రోడ్డుకు అదమాల్సింది స్ప్రింగే కాబట్టి, చక్రం ఎంత తేలికైతే టైరు రోడ్డును అంత గట్టిగా పట్టుకుంటుంది.

"మరి నీ పొట్ట సంగతేమిట్రా?"

"అది స్ప్రింగుల పైన ఉంటుంది బావా."

మన ఊళ్లలో బైకులకుండే అల్లాయ్ చక్రాల్ని కూడా మ్యాగ్ వీల్స్ అనేవాళ్లం. పేరులో ఉన్నంత మెగ్నీషియం ఒంట్లో ఉండదు. చక్రాలకు మామూలుగా వాడే అల్యూమినియం పోతలో అది అరశాతం కూడా కాదు, పులిహోరలో ఇంగువంత. అందుకే అవి వానలో తడిసినా, ఎరువుల బస్తాలు మోసినా ముప్పయ్యేళ్లు నడిచాయి. అసలు మెగ్నీషియానికి అలాంటి అలవాట్లు లేవు. వానపడితే అలుగుతుంది. ఉప్పు తగిలితే మంచమెక్కుతుంది. న్యూజెర్సీలో చలికాలం రోడ్డు నిండా ఉప్పు చల్లుతారు.

ఇనుముకు పట్టేది తుప్పు, ఇత్తడికి పట్టేది చిలుము. మెగ్నీషియానికి పట్టేదానికి తెలుగులో పేరు లేదు, మన పెద్దలకు ఆ కష్టం రాలేదు. రంగు కింద పొక్కులు లేస్తాయి. గోటితో గిల్లితే ముగ్గుపిండిలా రాలుతుంది. ఆ పిండిలో ముఖ్యంగా ఉండేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అంటే మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో ఉండేదే. తన జీవితకాలపు కల నెమ్మదిగా విరేచనాల మందైపోతోందని తెలిసిన రాత్రి మావాడికి నిద్రపట్టలేదు. మొదటి పొక్కు బ్యాలెన్సింగ్ కోసం రిమ్ము అంచుకు తగిలించిన ఇనుప క్లిప్పు దగ్గర లేచింది. అక్కడ రంగు గీసుకుపోయి చెమ్మ చేరితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీ పెట్టేస్తాయి. ఆ ఉమ్మడి వ్యాపారంలో అరిగిపోయేది ఎప్పుడూ మెగ్నీషియమే, ఇనుముకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

పాత రంగు తీసి కొత్తది వెయ్యాలి. మన దగ్గరైతే డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పడేసి సాయంత్రం టీ టైముకి తెచ్చుకునే పని. మావాడు ముందు ఒక పౌడర్ కోటింగ్ షాపుకెళ్లాడు. "ఓవెన్‌లో రెండొందల డిగ్రీల దగ్గర కాలిస్తే రాయిలా ఉంటుంది" అన్నాడట అతను. పాత పోతలోని సన్నటి రంధ్రాల్లో గాలి ఉంటుంది, వేడికి అది ఉబ్బి రంగులో చిల్లులు పెడుతుంది, లోహం పదును కూడా దెబ్బతినొచ్చు. ఇవన్నీ అతనికి చెప్పలేదు. పసిపిల్లాణ్ని పొయ్యిలో పెట్టమన్నవాణ్ని చూసినట్టు చూసి వచ్చేశాడు. ఇసుకతో బ్లాస్టింగ్ కూడా వద్దన్నాడు, అందులో ఇనుప రజను కలిసుంటే అది లోహంలో గుచ్చుకుని కొత్త జబ్బు తెస్తుందని.

చివరికి ఇంట్లోనే, పెయింట్ రిమూవర్‌తో, ప్లాస్టిక్ బ్రష్షుతో మొదలెట్టాడు. ఎమరీ పేపర్ పట్టుకోవడానికి ముందు గరాజ్ గుమ్మం దగ్గర పొడి ఇసుక బకెట్టు పెట్టాడు. చిన్నప్పుడు టూరింగ్ టాకీసు గోడకు వేలాడే ఎర్ర బకెట్టు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది గానీ, బడిలో కాల్చి చూపించిన మెగ్నీషియం రిబ్బన్ గుర్తొచ్చాక నవ్వు ఆగింది. ముద్దగా ఉన్న చక్రం అంత తేలిగ్గా అంటుకోదు, అరగదీసిన పొడితోనే భయం. అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా ఎగుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు, దాంట్లోంచి కూడా ఆక్సిజన్ లాక్కుని మండుతుంది. అలిగితే నీళ్లకీ గాలికీ లొంగని అల్లుణ్ని నేను మొదటిసారి చూడటం.

తర్వాత పగుళ్ల పరీక్ష. ఎర్రటి రంగు పూసి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్లపొడి చల్లుతారు. ఎక్కడైనా పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు గీతలా పైకి తేలుతుంది. ఆరు నెలలుండటానికి వచ్చిన మా అత్తగారు గుమ్మంలోంచి చూసి, "ఎర్రనీళ్లతో దిష్టి తీస్తున్నారా బాబూ?" అన్నారు. నాకు పెళ్లిలో ఒక్కసారే తీశారు. వీళ్లకు తలా రెండుసార్లు.

పగుళ్లు లేవు. ఇక క్రోమేట్ స్నానం. ఆ స్నానంతో లోహం మీద సన్నటి పొర కట్టి, పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ పట్టుకుంటుంది. ఆ రసాయనం క్యాన్సర్ తెచ్చే రకం కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. విమానాల సామాను చేసే షాపొకటి రెండు గంటల దూరంలో ఉంది, వాళ్లు ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. ఒంటిమీద పొరైనా లేని చక్రాలకు ఈ ఆరు వారాలూ చెమ్మ తగలకూడదు. అందుకని వాటిని గెస్ట్ రూములో, నూలు దుప్పటి పరిచిన మంచం మీద పడుకోబెట్టి, గాలిలో తేమ లాగే మిషన్ పెట్టాడు. డల్లాస్ నుంచి వచ్చిన పాత అల్లుడు, అంటే నేను, హాల్లో సోఫా మీద పడుకున్నాను. సోఫా కూడా రెండంగుళాలు పొట్టి.

ఇంతలో ఎవరో మావాడి చెవిలో ఒక మాట వేశారు. ఇలాంటి చక్రాలకు అల్యూమినియం నకళ్లుంటాయని. తూకం వేస్తే తేలిపోయేది. కానీ ఇంట్లో ఉన్నది బాత్రూం తూకం. చక్రం పట్టుకుని ఎక్కాలంటే ముందు ఉత్తచేతులతో ఎక్కి తన బరువు తెలుసుకోవాలి. ఆ పని వాడికి ఇష్టం లేదు. వెనిగర్ చుక్క వేసి చూడమన్నారు, చెయ్యి రాలేదు. టెన్షన్‌తో రెండు రోజులు అన్నం మానేసి పిజ్జా తిన్నాడు.

శనివారం వాడు గ్లవ్స్ కొనడానికి బయటికెళ్లాడు. అత్తగారు గెస్ట్ రూములోకి వెళ్లి చక్రాల్ని తేరిపార చూశారు. బూడిదరంగులో, కళ తప్పి ఉన్నాయి. "ఇన్ని డబ్బులు పోసి కొని, ఇలా మసిబారబెట్టుకున్నాడు చూడండి" అని వంటింట్లోకి వెళ్లి, ఇత్తడి బిందెలు తోమే పద్ధతిలో నానబెట్టిన చింతపండూ గుప్పెడు కల్లుప్పూ తెచ్చారు.

ఇక్కడ నా పాత్ర గురించి రకరకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మెగ్నీషియానికి పడనివి రెండే, పులుపూ ఉప్పూ అని నాకు తెలుసు. ఆపలేదు. గిన్నె నేనే ఇచ్చానన్నది మాత్రం అబద్ధం. అందించానంతే.

గుజ్జు తగిలిన చోట సన్నగా చుయ్‌మని నురగ లేచింది. ఆవిడ నాలుగు వేళ్లతో గుండ్రంగా రుద్దుతుంటే, అట్లపిండి పులిసినట్టు బుడగలు మీద బుడగలు. సరిగ్గా అప్పుడే వాడొచ్చాడు. "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచి, సగంలో ఆగిపోయి, వంగి చక్రానికి చెవి ఆనించాడు.

"బావా, బుడగలొస్తున్నాయి."

"కనిపిస్తోందిరా."

"అల్యూమినియమైతే ఇలా పొంగదు బావా. అసలుదే! అసలు మెగ్నీషియమే!"

తల్లిని కౌగిలించుకుని ఏడ్చాడు. చింతపండు చేతులు పైకెత్తి పట్టుకుని ఆవిడ, "పులుపుకి లొంగని సామాను లేదురా. మిగతా మూడూ ఇటు పడెయ్" అన్నారు.

చక్రాన్ని కడిగి, తుడిచి, మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో గంటసేపు ఆరబెట్టాడు. నాలుగు వేళ్ల వెడల్పున గుండ్రటి మచ్చ మిగిలింది. దాన్నలాగే ఉంచి పైన రంగేయిస్తాడట. ఆ ఇంట్లో చింతపండు ఇప్పుడు గరాజ్ అల్మరాలో, ప్రైమర్ డబ్బా పక్కన, తాళంలో ఉంది. చారు పెట్టాలంటే అత్తగారు ఆఫీసుకి ఫోన్ చేసి, ఎంత కావాలో, ఎందుకో చెప్పి, తాళం ఎక్కడుందో అడగాలి.