గోటి మీద తెల్లమచ్చకు కాల్షియం సిరప్ ఎందుకు?

"పిల్లల గోళ్ళ మీద తెల్లమచ్చలుంటే కాల్షియం లోపం, వెంటనే సిరప్ పట్టండి. గోరు ఊడిందంటే లోపం ముదిరినట్టే. కాలిగోరు గుంట పడితే ఒంట్లో రక్తం లేనట్టు. గోరుచుట్టు వస్తే నిమ్మకాయ తొడగండి." ఈ సందేశం వాట్సాప్‌లో చుట్టాల గ్రూపులన్నీ తిరుగుతోంది. దీన్ని నమ్మి మందుల దుకాణానికి వెళ్తున్న తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి మాట మాటకూ జవాబు చెప్పాలి.

ముందు తెల్లమచ్చలు. చిన్నప్పుడు కొంగల బారు కనబడితే గోళ్ళు చూపించి పువ్వులు వేయమని అడిగేవాళ్ళం. ఆ పువ్వులే ఇవి. గోరు ఎముక కాదు, వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనే. గోటి మొదట్లో, చర్మం కింద చిన్న దెబ్బ తగిలితే అక్కడ పుట్టే గోరు తెల్లబడుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మచ్చ బయటపడేసరికి తలుపు సందులో వేలు నలిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ రోజు ఒక ఫోటో, నెల తరువాత ఒక ఫోటో తీసి చూడండి. మచ్చ కొసవైపు జరిగి ఉంటుంది. సిరప్ తాగినా జరుగుతుంది, తాగకపోయినా జరుగుతుంది. సిరప్‌కు మంచి పేరు వచ్చింది ఇలాగే. అనవసరంగా సిరప్ పట్టిస్తే బిడ్డకు మిగిలేది మలబద్ధకం. గోరంతా తెల్లబడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

గోరు ఊడటం చూసి భయపడని తల్లి ఉండదు. కానీ అంతకు ముందు నెలా రెండు నెలల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నోట్లో పుళ్ళు, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు వచ్చాయా? అలా వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరస్ జబ్బు తగ్గిన నాలుగు నుంచి ఎనిమిది వారాలకు కొందరు పిల్లలకు గోళ్ళు మొదట్లో లేచి, మూతలా విడిపోతాయి. కింద పలుచని కొత్త గోరు అప్పటికే వస్తూ ఉంటుంది. పాతదాన్ని పీకకండి, బట్టలకు తగులుకోకుండా లేచిన మేర కత్తిరించండి. మందు అక్కర్లేదు.

గుంట గోరు విషయంలో సగం నిజం ఉంది. రెండు మూడేళ్ళ లోపు పిల్లల కాలి బొటనవేలి గోరు పలుచగా, గరిటెలా వంగి ఉండటం మామూలే, పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. చేతి గోళ్ళు కూడా అలాగే ఉండి, కనురెప్పల లోపల పాలిపోయి, బిడ్డ మట్టో సుద్దో తింటుంటే హిమోగ్లోబిన్ పరీక్ష తప్పక చేయించండి.

నిమ్మకాయ మాటకే నాకు ఎక్కువ కోపం. వేలు చీకే పిల్లలకు, గోళ్ళు కొరికే పిల్లలకు గోరుచుట్టు తరచుగా వస్తుంది. చిట్లిన చర్మం మీద నిమ్మరసం పడితే బిడ్డ విలవిల్లాడుతుంది. పైగా కాయ కింద వాపు పెరుగుతోందో లేదో కనబడదు. మొదట్లోనే గోరువెచ్చని నీళ్ళలో పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచండి. నీళ్ళ వేడి ముందు మీ చేత్తో చూసుకోండి. చీము పట్టినా, ఎరుపు వేలి పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఇంట్లో సూదితో పొడవవద్దు.

ఆ సందేశంలో లేనిది మరొకటి: ఒకే గోటికి మొదటి నుంచి కొస దాకా నల్లని లేదా గోధుమరంగు చార కొత్తగా వస్తే, అది వెడల్పు అవుతుంటే, చర్మవైద్యులకు చూపించండి.