ప్లైవుడ్ షీటు గారికి బహిరంగ లేఖ

శ్రీ ప్లైవుడ్ షీటు గారికి,

నమస్కారాలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో గది మూలలో మీరు క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. అటుగా వెళ్ళినప్పుడల్లా మీ అంచు నా తుంటికి తగిలి మరీ తెలియజేస్తోంది.

బొమ్మ రైలు, దాని పట్టాలు కట్టాలని మిమ్మల్ని తెచ్చానో, మిమ్మల్ని తెచ్చాను కాబట్టి రైలు కట్టానో మూడేళ్ళయినా తేలడం లేదు. మీ కొలత ఇళ్ళు కట్టేవాళ్ళ సౌకర్యం కోసం పుట్టింది. అందులో రైల్వే వాళ్ళ ప్రమేయం ఏమీ లేదు. అయినా మోడల్ రైల్వే మొదలుపెట్టేవాడు ముందు మీ కాళ్ళ మీదే పడతాడు. లేఅవుట్ల (అంటే ఈ బొమ్మ రైళ్ళ పట్టాల అమరికల) డిజైన్‌లో పేరుమోసిన జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్దాయన, గీత గీసేముందు మార్చలేనివి ఒక పక్క, కోరికలు ఒక పక్క రాసుకోమన్నాడు. బుద్ధిగా రాశాను. మార్చలేనివి: ప్లైవుడ్ షీటు. తలుపును కూడా ఆ పక్కే రాయాలని తట్టలేదు. ఇప్పుడది సగమే తెరుచుకుంటోంది.

కోరికలు మాత్రం చాంతాడంత. రెండు స్టేషన్లు, గూడ్స్ యార్డు, కొండ, సొరంగం, పైన ఒక రైలు పోతుంటే దాని కిందనుంచి ఇంకో రైలు.

నాది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ లెక్కన మీ పొడవు మొత్తం కలిపినా 212 మీటర్లు. దానిలో రెండు స్టేషన్లు! అంత దూరానికి టికెట్ కొని రైలెక్కేవాడెవడు, నడిచిపోడూ? పది కోచ్‌ల రైలు కడితే మూడు మీటర్లు వచ్చింది, మీకంటే అర మీటరు ఎక్కువ. అది తిరుగుతుంటే ఇంజను తన తోకను తానే తరుముకుంటున్నట్టుంటుంది.

ఇక వంపులు. మీ వెడల్పులో రైలు వెనక్కి తిరగాలంటే 18 అంగుళాల వ్యాసార్ధం పెట్టుకోవాలి, మహా అయితే ఇంకో నాలుగంగుళాలు. 18 అంగుళాలంటే అసలు లెక్కలో 40 మీటర్లు. మెయిన్ లైన్లలో వంపుల వ్యాసార్ధం వందల మీటర్లుంటుంది. అందుకే నా పొడవాటి కోచ్‌లు ఆ మలుపులో పోట్లాడుకున్న తోడికోడళ్ళలా చెరో వైపు మొహం తిప్పుకుని పోతాయి.

వంతెన సంగతి తలచుకుంటేనే ఏడుపొస్తుంది. కింది రైలు తల తగలకుండా పోవాలంటే పై పట్టా ఏడున్నర సెంటీమీటర్లు లేవాలి. మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎక్కితే ఎక్కడానికే 375 సెంటీమీటర్లు, దిగడానికి మళ్ళీ అంతే. మీ చుట్టూ ఒక చుట్టు తిరిగితే వచ్చేది ఆరు మీటర్ల లోపే. స్టేషను దగ్గర పట్టా చదునుగానూ ఉండాలి. సరే, తెగించి వాలు రెట్టింపు చేశాను. ఇప్పుడు ఇంజను చక్రాలు శ్రద్ధగా తిరుగుతున్నాయి, రైలు మాత్రం కదలదు.

ఇవన్నీ సర్దుకున్నాను. సర్దుకోలేనిది మీ వెనక మూల. రెండు వైపులా గోడ కదా, నా చెయ్యి హాయిగా అందేది 75 సెంటీమీటర్లు, మీ వెడల్పు 122. ఏ బండైనా పట్టా తప్పేది సరిగ్గా ఆ మిగిలిన భాగంలోనే. మొన్న స్టేషను మీద బోర్లా పడుకుని, మోచేత్తో సిగ్నల్ స్తంభం విరగ్గొట్టి, టార్చి వేసి చూస్తే తెలిసింది: ఒక పట్టా చివర జాయినర్ (రెండు పట్టాలను కలిపే చిన్న రేకు) లోపలికి దూరకుండా దాని నెత్తినెక్కి కూర్చుంది. తేడా గోరు మందం కూడా లేదు. దాని చుట్టూ నేనే నీళ్ళు కలిపిన జిగురును, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కూడా వేసి, చుక్కచుక్కగా పోసి కంకర అతికించాను. సబ్బు వేస్తే జిగురు లోపలిదాకా ఇంకుతుందన్నారు. నిజమే, ఇంకి రాయిలా గట్టిపడింది. ఆ పైన కొండ కట్టాను. కొండకు వెనకనుంచి చెయ్యి దూరే కంత పెట్టాలన్న సంగతి ప్లాస్టర్ ఆరాక గుర్తొచ్చింది. (అన్నీ మీ తప్పులే అనను గానీ, ఇది కూడా మీ ఖాతాలోనే వేస్తున్నాను.)

మోడల్ రైల్వేల పత్రిక నడిపిన లిన్ వెస్ట్‌కాట్ 1960లలోనే, పట్టాలను మోసే ఎల్-గర్డర్ అనే చెక్క చట్రం గురించి విప్పి చెప్పాడు. రెండు పొడవాటి దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, పట్టా పోయే చోట మాత్రమే పలక. అడ్డకర్రల స్క్రూలు కిందనుంచి బిగిస్తారు కాబట్టి, మనసు మారితే విప్పి జరుపుకోవచ్చు. నా మనసు మారింది.

అయ్యా, మిమ్మల్ని నిలువునా నాలుగు బద్దలు చేయబోతున్నాను. ఒక్కోటి అడుగు వెడల్పు. గోడల వెంట వరసగా పెడితే 32 అడుగులు, అసలు లెక్కలో ఎనిమిది వందల మీటర్ల పైమాటే. మూలల్లో వెడల్పు చాలదు, అక్కడ వేరే ముక్కలు చూసుకుంటాను. తలుపు దగ్గర తీసిపెట్టే వంతెన ఒకటి కావాలి. అదెలా కట్టాలో ఇప్పుడే టెన్షన్ పడదలచుకోలేదు.

రంపం తెచ్చాను.

ఇట్లు,
మోచేతులు కమిలిన మీ భవదీయుడు

తా.క.: సొరంగంలో రెండు గూడ్స్ డబ్బాలు మొన్నటినుంచీ ఉన్నాయి. కోసేముందు వాటిని ఎలాగైనా బయటికి పంపగలరా? కొండ పగలగొట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మీ ఒంటి మీద బాగా కుదిరింది అదొక్కటే.