పిల్ల ఆట, తల్లి మూట: బంగారు గనుల దారిలో నాటకాలవాళ్ల బతుకు

అమెరికా పడమటి గనుల రోజుల గురించి ఎవరు మాట్లాడినా ఒక దృశ్యం తప్పకుండా చెబుతారు. కాలిఫోర్నియా కొండల్లో రాబిట్ క్రీక్ అనే చిన్న ఊరు, 1855 ప్రాంతం. సారా కొట్టులో ఎర్రజుట్టు పిల్ల ఒకతి ఐరిష్ చిందు వేస్తోంది. ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. ఒంటి మీద అమ్మ కుట్టిన ఆకుపచ్చ కోటు, నెత్తిన పొడుగు టోపీ. చుట్టూ గడ్డాలు పెరిగిన మగవాళ్లు, నెలల తరబడి ఏటి చల్లటి నీళ్లలో నిలబడి ఇసుక కడిగి బంగారం ఏరుకునేవాళ్లు. తమ పిల్లల్ని ఎక్కడో వేల మైళ్ల దూరంలో వదిలేసి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామందే. ఆట అయిపోగానే నాణేలు, బంగారు ముక్కలు వచ్చి ఆ పిల్ల కాళ్ల దగ్గర పడ్డాయి. కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. వాళ్లమ్మ వచ్చి ఒక్క ముక్క కూడా వదలకుండా ఏరి తన ఏప్రన్‌లో మూటగట్టుకుంది.

ఆ పిల్ల లాటా క్రాబ్‌ట్రీ. తల్లి మేరీ ఆన్. ఆ కాలపు నాటకాలవాళ్ల గురించి చదివేకొద్దీ నాకు ఒకటే అర్థమైంది: చూసేవాడి జేబులోంచి బయటికొచ్చిన డబ్బు ఆడేవాడి పెట్టెలోకి చేరేలోపు మధ్యలో ఎవరున్నారు అన్నదాన్ని బట్టే వాళ్ల బతుకులు తేలాయి. ప్రతిభ చాలామందికే ఉంది.

ఆ రోజుల్లో అక్కడ ఆటకు ఉన్న గిరాకీ మామూలుది కాదు. 1850 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియాలో ఆడవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. పగలంతా మట్టి, నీళ్లు. రాత్రయితే సారా, పేకాట. శాక్రమెంటోలో 1849 అక్టోబరులో ఈగిల్ థియేటర్ తెరిచారు, కాలిఫోర్నియాలో నాటకాల కోసమే కట్టిన మొదటి థియేటర్‌గా దాన్నే చెబుతారు. థియేటర్ అంటే పెద్ద భవనం అనుకోకండి, చెక్క చట్రం, చుట్టూ కాన్వాస్ గుడ్డ గోడలు, అంతే. అయినా టికెట్ 3 డాలర్లు, 5 డాలర్లు ఉండేది, చేతిలో నాణేలు లేకపోతే బంగారు రజను తూకం వేసి ఇచ్చేవాళ్లు. మూడు నెలలు తిరక్కుండానే, 1850 జనవరిలో, నదికి వరదొచ్చి ఆ థియేటర్‌ను ముంచేసింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో నీళ్లకు బదులు నిప్పు. 1849 డిసెంబరు నుంచి 1851 జూన్ దాకా ఆ ఊరు మళ్లీ మళ్లీ తగలబడింది. టామ్ మెగ్వైర్ అనే వ్యాపారి కట్టిన జెన్నీ లిండ్ థియేటర్ ఒకసారి కాలిపోయింది, మళ్లీ కడితే మళ్లీ కాలింది, మూడోసారి రాతితో కట్టాడు. (ఎవరి పేరు పెట్టాడో ఆ గాయని ఎప్పుడూ అక్కడ పాడలేదు.) చివరికి 1852లో ఆ భవనాన్ని నగరపాలక సంస్థకు 2 లక్షల డాలర్లకు అమ్మేశాడు. భవనం ఉన్నవాడికి నష్టం వచ్చినా ఇలా తేరుకునే దారి ఉంది. ఆ వేదిక మీద నిలబడి రాత్రికో వేషం కట్టిన మనిషికి ఏముంది? మంటల్లో అతని దుస్తుల పెట్టె కాలిపోతే ఆ సీజన్ పోయినట్టే.

ఎడ్విన్ బూత్ సంగతి చూడండి. తర్వాతి రోజుల్లో అమెరికా మొత్తం షేక్‌స్పియర్ హ్యామ్లెట్‌గా నెత్తిన పెట్టుకున్న నటుడు. 1852లో అతనికి ఇంకా పందొమ్మిదేళ్లు. తండ్రి జూనియస్ బ్రూటస్ బూత్ అప్పటికే పెద్ద పేరున్న నటుడు, కొడుకును వెంటబెట్టుకుని కాలిఫోర్నియా వచ్చాడు. అనుకున్నంత డబ్బు రాలేదు. తండ్రి ఒక్కడే వెనక్కి బయల్దేరి, నవంబరు 30న మిసిసిపీ నదిలో పడవ మీదే చనిపోయాడు. కొడుకు అప్పుడు చిన్న ట్రూపుతో గనుల ఊళ్లు తిరుగుతున్నాడు, నెవాడా సిటీలో మంచు కురిసి దారులన్నీ మూసుకుపోయాయి, ఆటల్లేవు, తిండికి డబ్బుల్లేవు. తండ్రి చావు కబురు అక్కడే తెలిసింది. ఇంకొందరితో కలిసి మంచులో పడి నడుచుకుంటూ మేరీస్‌విల్ దాకా వచ్చి, అక్కడ చేబదులు తీసుకుని శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. అతనికి పేరు తెచ్చిన పాత్రల గురించి వందల పేజీలు రాశారు. నేను మాత్రం ఆ కుర్రాడు మంచులో వేసిన ఆ అడుగుల దగ్గరే ఆగిపోతాను. తండ్రి పోయాడని తెలిశాక కూర్చుని ఏడవడానికి కూడా వీల్లేని బతుకది, ఎందుకంటే ఆట లేకపోతే గది లేదు, గది లేకపోతే చలికి చచ్చిపోతారు.

చైనావాళ్లది ఇంకా దారుణం. 1852 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కాంటన్ ఒపేరా బృందం ఒకటి దిగింది, 123 మంది. తమవాళ్లు వేలమంది గనుల్లో పనిచేస్తున్నారు కాబట్టి ఆటకు జనం కొరత లేదు. మరుసటి ఏడు వాళ్లను న్యూయార్క్ తీసుకెళ్లారు. అక్కడ అనుకున్న ఏర్పాట్లన్నీ తేలిపోయాయి. భాష రాదు, ఆటను అర్థం చేసుకునేవాడు లేడు, తిరిగి వెళ్లడానికి ఛార్జీలు లేవు. ఊరుకాని ఊళ్లో అంతమంది కళాకారులు చిక్కుకుపోయారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మనకు తెలియవు.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ఒకటుంది. గనుల కంటే ముందే, 1831లో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన చాప్‌మన్ కుటుంబం పిట్స్‌బర్గ్‌లో ఒక పడవ కట్టించుకుంది. పడవే థియేటర్, అదే ఇల్లు. ఒహాయో, మిసిసిపీ నదుల వాలున ఒక్కో రేవు దగ్గర ఆగి ఆడుకుంటూ న్యూ ఆర్లియన్స్ చేరేవాళ్లు. ఎదురుప్రవాహంలో దాన్ని వెనక్కి తేలేరు కాబట్టి అక్కడే వంటచెరకు కింద అమ్మేసి, స్టీమర్‌లో వెనక్కి వచ్చి మళ్లీ కొత్త పడవ కట్టించుకునేవాళ్లు. ఎంత కష్టమైనా వేదిక వాళ్లది, వసూళ్లు వాళ్లవి, మధ్యలో ఇంకో చెయ్యి లేదు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడే మన సురభి నాటకాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ఇక లోలా మాంటెజ్. ఐర్లండ్‌లో పుట్టి, చిన్నతనంలో కొన్నేళ్లు ఇండియాలో గడిపి, స్పెయిన్ నర్తకినని పేరు మార్చుకుని, జర్మనీలోని బవేరియా రాజు లుడ్విగ్‌నే వలలో వేసుకున్న మనిషి. 1853లో గ్రాస్ వ్యాలీ అనే గనుల ఊరికొచ్చి ఇల్లు తీసుకుంది. క్రాబ్‌ట్రీ కుటుంబం అప్పుడు అదే ఊళ్లో ఉండేది, పూటకూళ్ల ఇల్లు నడుపుకుంటూ. చిన్న లాటాకు మొదట అడుగులు నేర్పింది లోలాయేనని చెబుతారు. 1855లో ఆమె ఆస్ట్రేలియా బంగారు గనులకు ఓడెక్కింది, బల్లారట్‌లో తన గురించి చెడుగా రాసిన పత్రిక సంపాదకుడిని కొరడా పట్టుకుని వెంటపడింది. తిరుగు ప్రయాణంలో ఆమె మేనేజరు ఓడ మీంచి పడి సముద్రంలో పోయాడు. 1861లో న్యూయార్క్‌లో ఆమె చనిపోయేనాటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు, ఆస్తంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. లోకమంతా ఆమె ప్రేమ వ్యవహారాల గురించే మాట్లాడుకుంది, ఇప్పటికీ అదే. రెండు ఖండాల బంగారు గనుల్లో ఆడి సంపాదించిన ఒంటరి ఆడమనిషి చివరికి ఏమీ లేకుండా ఎందుకు పోయిందన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు మేరీ ఆన్ దగ్గర దొరుకుతుంది. భర్త బంగారం కోసం ముందే కాలిఫోర్నియా వచ్చాడు, కలిసిరాలేదు. ఇల్లు నడిపింది ఆవిడే. కూతురి ఆటకు డబ్బు పడుతోందని తెలిశాక ఊరూరా తిప్పింది, బండి వెళ్లని కొండదారుల్లో కంచరగాడిదల మీద. వచ్చిన బంగారం మొదట ఏప్రన్‌లో, తర్వాత తోలు సంచిలో, అదీ బరువెక్కాక పెద్ద పెట్టెలో. బ్యాంకుల మీద నమ్మకం లేదావిడకు. ఆ తర్వాత అదంతా భూములు, భవనాల మీద పెట్టింది. 1864లో కూతురిని తూర్పుకు తీసుకెళ్లింది, 1867లో న్యూయార్క్ ఆమెను నెత్తికెత్తుకుంది.

ఆవిడను మెచ్చుకోకుండా ఉండలేను. అలాగని మనసు ఒప్పుకోని సంగతి కూడా ఉంది. తాగి ఉన్న మగవాళ్ల మధ్య నిలబడి చిందేసింది ఏడెనిమిదేళ్ల పిల్ల. ఆ పిల్లకు నిద్ర రాలేదా, కాళ్లు నొప్పి పుట్టలేదా? ఇష్టముందా అని ఎవరూ అడిగి ఉండరు. ఆమె అదృష్టం కొద్దీ తల్లి డబ్బు దాచింది. దాచకపోయి ఉంటే అడిగే హక్కు కూడా ఉండేది కాదు, అప్పట్లో అలాంటి చట్టమే లేదు.

అలాంటి చట్టం అదే కాలిఫోర్నియాలో 1939 దాకా రాలేదు. జాకీ కూగన్ అనే బాలనటుడు పెద్దవాడయ్యాక చూసుకుంటే తను సంపాదించినది దాదాపు అంతా తల్లీ మారుతండ్రీ ఖర్చుపెట్టేశారు. ఆ గొడవ తర్వాతే బాలనటుల సంపాదనలో కొంత వాళ్ల పేర దాచాలని చట్టం చేశారు. మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం టీవీలో, సినిమాలో పనిచేసే పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేర జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. మన చానళ్ల డ్యాన్స్ పోటీల్లో చిన్నపిల్లలు ఆడుతుంటే ఎదురుగా తల్లిదండ్రులు కళ్లు తుడుచుకుంటూ కనిపిస్తారు. ఆ పిల్లల పేర డిపాజిట్ కట్టారా అని ఏ కార్యక్రమంలోనూ ఎవరూ అడగరు. పోటీ జడ్జీలు కాదు, చూసే మనమే అడగాలి.

లాటా నలభై దాటిన కొన్నేళ్లకే స్టేజి వదిలేసింది. పెళ్లి చేసుకోలేదు. 1905లో తల్లి పోయేదాకా ఇద్దరూ ఒకరికొకరుగా బతికారు. 1924లో బోస్టన్‌లో ఆమె కన్నుమూసేనాటికి ఆస్తి దాదాపు 40 లక్షల డాలర్లు. వారసులమంటూ చాలామంది కోర్టుకెక్కారు. వీలునామా మాత్రం నిలబడింది. అందులో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు, మూగజీవాలకు, జైలు నుంచి విడుదలైనవాళ్లకు నిధులున్నాయి. ఇబ్బందుల్లో ఉన్న నాటకాలవాళ్ల కోసం కూడా విడిగా ఒక నిధి రాసిపెట్టింది.