ఎడమకాలి కింద చీకటి

మా ఇంట్లో ఉన్న విల్లిస్ నమూనా జీపు మా నాన్నగారు ఒకప్పుడు ప్రభుత్వ వేలంలో పాడుకున్నది. జీపు నాకు వారసత్వంగా వచ్చింది గానీ, దాని వైరింగు మీద ఆయనకున్న పట్టు రాలేదు. 1941లో యుద్ధం కోసం తయారైన తొలి విల్లిస్ జీపులకు 6 వోల్టుల కరెంటు ఉండేది. మాది ఆ తరువాతి కాలపుది కనుక 12 వోల్టులు. అంటే నన్ను ఏడిపించే శక్తి సరిగ్గా రెట్టింపు.

మొన్న డిసెంబరులో దానికి బంపరు నుంచి చాసిస్ దాకా సందు విడవకుండా రెండు కోటింగుల ఆకుపచ్చ రంగు వేయించి, ఆ సంబరంలో మా బావమరిదిని వెంటబెట్టుకుని, మంచు చూడటానికి తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి లంబసింగికి బయలుదేరాను. ఘాటు మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. మర్యాదస్థుడిని కనుక లైట్లు డిమ్ చేద్దామని, క్లచ్చి పక్కన నేల మీద ఉండే డిమ్మర్ స్విచ్చును ఎడమకాలితో నొక్కాను. రెండు లైట్లూ ఆరిపోయాయి. మళ్లీ నొక్కితే బ్రైట్ వచ్చింది, ఇంకోసారి నొక్కితే మళ్లీ చీకటి. లారీ డ్రైవరు మా వంశాన్ని తలచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తరువాత ఎదురుగా బండి వచ్చినప్పుడల్లా నేను లైట్లు ఆర్పడం, మా బావమరిది టార్చి పట్టుకుని చెయ్యి బయటికి చాపడం. చలికి వాడి చెయ్యి వణకడం చూసి ఆర్పేశాడేమోనని గద్దిస్తే, "టార్చి ఆన్‌లోనే ఉంది బావా, నా వేళ్లే ఆఫ్ అయ్యాయి" అన్నాడు.

ఇంటికి రాగానే, మెకానిక్కు డబ్బులు తగలేయడం దేనికని, నేనే పరీక్షకు దిగాను. హోల్డరులో చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, ఒక దాని చివర క్లిప్పు. దీనినే టెస్ట్ ల్యాంపు అంటారు. క్లిప్పును కొత్త రంగుతో మెరిసిపోతున్న బంపరుకు తగిలించి, రెండో వైరును డిమ్మరు మీద పెడితే బల్బు వెలగలేదు. లైట్ల స్విచ్చు మీద పెట్టినా, తాళం స్విచ్చు మీద పెట్టినా వెలగలేదు. చివరికి బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టినా వెలగలేదు. బుద్ధి ఉన్నవాడు ఇక్కడ ఆగేవాడు, ఎందుకంటే అదే బ్యాటరీతో పది నిమిషాల క్రితం జీపు స్టార్టయింది. నేను మాత్రం, స్టార్టు చేసినప్పుడే మిగిలిన కరెంటంతా ఖర్చయిపోయి ఉంటుందని నాకు నేనే సమాధానం చెప్పుకుని, బజారుకు వెళ్లి మూడు కొత్త స్విచ్చులు కొని తెచ్చాను.

పాత లైట్ల స్విచ్చును మంచం మీద దుప్పటి పరచుకుని విప్పాను. లాగుడు స్విచ్చులో టక్కుమని ఆగడానికి ఒక స్ప్రింగు, దాని ముందు మిరియపు గింజంత ఉక్కు గుండు ఉంటాయి. రేకు మూత తీసిన మరుక్షణం ఆ స్ప్రింగు నా ముక్కుకు తగిలింది. గుండు ఎటు పోయిందో నేటికీ తెలియదు.

సాయంత్రానికి మా ఆవిడే ఆటో కరెంటు మేస్త్రీని పిలిపించింది. ఆయన నా టెస్ట్ ల్యాంపును ఒకసారి చూసి, ఏమీ అనకుండా స్క్రూడ్రైవరుతో బంపరు మీద అంగుళం మేర రంగు గీకేశాడు. ఆ గీత నా వీపు మీద పడినట్టయింది. అక్కడ క్లిప్పు పెట్టి బ్యాటరీని తాకించగానే బల్బు భగ్గున వెలిగింది.

"బాబుగారూ, కరెంటు వైరులో వస్తుంది, బాడీ ఇనుములోంచి వెనక్కి పోతుంది. దాన్నే ఎర్త్ అంటాం. మీరు క్లిప్పు పెట్టింది ఇనుముకు కాదు, రంగుకు" అన్నాడు.

నేను మరణశిక్ష వేసిన మూడు స్విచ్చుల్లో రెండు నిర్దోషులని పది నిమిషాల్లో తేలిపోయింది. నిజమైన దోషి డిమ్మరు ఒక్కటే. రెండు హెడ్‌లైట్లు 45 వాట్ల చొప్పున వెలిగితే 7.5 ఆంపియర్లు, రిలే (స్విచ్చుకు బదులు పెద్ద కరెంటును తానే మోసే పరికరం) లేని పాత జీపులో అంత కరెంటూ ఆ కాలి కింది స్విచ్చులోంచే పోవాలి. అలాంటి దాని మీద ఏళ్ల తరబడి తడి చెప్పులతో నిలబడ్డాను. మేస్త్రీ దానిని విప్పి తిరగేస్తే, ఎండిన బురద, తుప్పు పొడి, దానితో పాటు ఒక వేరుశనగ తొక్క రాలాయి. ఇత్తడి పలకలలో బ్రైట్ వైపుది ఇంకా మెరుస్తోంది, డిమ్ వైపుది బొగ్గులా మాడి ఉంది. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించాక డిమ్ వెలిగింది. పాత ఇత్తడి ముందు కొత్తవి నిలబడవని చెప్పి, లైట్ల స్విచ్చులో పోయిన గుండుకు బదులు చొక్కా జేబులోంచి సైకిలు బేరింగు గుండొకటి తీసి వేశాడు. అది మునుపటికన్నా గట్టిగా టక్కుమంటోంది.

కొత్త స్విచ్చులు మూడింటినీ తిరిగి ఇచ్చేద్దామని వెళితే, కొట్టువాడు నోరు విప్పకుండా తల పైనున్న బోర్డు చూపించాడు: కరెంటు సామాను వాపసు తీసుకోబడదు. వాటిని తెచ్చి, ఎవరికంటా పడకుండా బీరువాలో చీరల వెనక దాచాను. చీరల వెనక దాచడం మరో పొరపాటని మరునాడే తెలిసింది.

"ఏవండీ, ఈ మూడూ ఎంతయ్యాయి?" అని మా ఆవిడ బిల్లు చేత్తో పట్టుకునే అడిగింది.