ముందు పేరు సరిగ్గా పిలవండి సారూ

జూన్ 12న బడులు తెరుస్తారు. కొత్త టీచరు రిజిస్టరు ముందేసుకుని పేర్లు చదవడం మొదలుపెడతారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాల్లో రమ, రామ ఒకటే. కల, కళ కూడా ఒకటే. 'త' కోసం కొందరు 'హెచ్' కలుపుతారు, కొందరు కలపరు. కలపని ఇంటి లత బళ్లో 'లటా' అవుతుంది. తెలుగు పిల్ల పేరును తెలుగు పంతులే తప్పు పలకడం మన బళ్లలోనే చూస్తాం.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు వెళ్తే ఇది ఇంకా ముదురుతుంది. ఆత్రం 'అట్రామ్' అవుతుంది, పెందూర్ 'పెండూర్', సిడాం 'సిదం'. గోండుల్లో ఇంటిపేరు చెబితే చాలు, ఎన్ని దేవతల 'సగ' (గోత్రాల గుంపు) వారో, ఎవరు అన్నదమ్ముల వరసో, ఏ ఇంటితో పెళ్లి కుదురుతుందో తెలిసిపోతుంది. అంత బరువున్న మాటను రోజూ పొద్దున నలభైమంది ముందు విరిచి పిలుస్తుంటే పిల్లాడు ముందు నవ్వులపాలవుతాడు, తర్వాత తనే ఆ తప్పు పేరుకు అలవాటు పడతాడు. పక్కనున్న ఆసిఫాబాద్ జిల్లాకు పెట్టుకున్న భీం ఇంటిపేరునే కొమరం, కుమురం, కుమ్రం అని మూడు రకాలుగా రాసుకునే మనకు ఇది పట్టకపోవడంలో వింతేముంది!

చేయాల్సింది పెద్ద పనేం కాదు. మొదటి రోజు రిజిస్టరు చదవొద్దు. బల్లల మధ్యకు వెళ్లి, పూర్తి పేరు పిల్లల నోటే రెండుసార్లు వినాలి. విన్నది విన్నట్టు పెన్సిల్‌తో పక్కనే తెలుగులో రాయాలి, దీర్ఘాలు, ఒత్తులు వదలకుండా. మనిషికి అర నిమిషం చొప్పున నలభైమందికి ఇరవై నిమిషాలు. 'నేను సరిగ్గానే పలికానా?' అని మాత్రం అడగొద్దు. భయానికి ఏ పిల్లాడైనా 'అవును సార్' అంటాడు. 'సిడామా, సిదమా?' అని రెండూ ముందు పెడితే అసలుది చెబుతాడు. అందరి ముందు నిలబెట్టి పదిసార్లు పలికించడం కూడా శిక్షే. వారం తర్వాత మళ్లీ చూసుకోవాలి. పేరు పిలిచాక ఎవరైనా ఒక క్షణం ఆగి 'ప్రెజెంట్' అంటే, తప్పు పలుకుతున్నారేమో అనుమానించండి.

సెక్షన్‌కు అరవైమంది, పైగా బడియేతర పనులు, ఇదెక్కడ కుదురుతుందంటారు టీచర్లు. పని భారం నిజమే. కానీ అరవైమందికైనా అరగంటే. తెలంగాణ సర్కారు బళ్లలో ముఖం చూసి హాజరు వేసే యాప్ కూడా వచ్చింది కదా అనొచ్చు. యాప్ ముఖాన్ని గుర్తుపడుతుంది, పేరు పెట్టి పిలవదు.

అసలు జబ్బు టీచరు నాలుకలో కంటే రికార్డులో ఉంది. అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ దేశమంతటా చెల్లే ఒకే నంబరు) కోసం బడి రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు కలవాలని ఒక్కో ఇంగ్లిష్ అక్షరం వెంట హెడ్మాస్టర్లను తిప్పుతున్నారు. అదే ఆధార్ కార్డు మీద ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోనూ పేరు అచ్చయి ఉంటుంది, దాన్ని చూసే దిక్కు లేదు. అమ్మభాషలో బోధన గురించి ఇన్ని ఉపన్యాసాలిచ్చే రెండు ప్రభుత్వాలూ ముందు హాజరు పట్టీలో, యాప్‌లో తెలుగు పేరుకు ఒక గడి పెట్టించాలి. అలాగని ఆధార్‌లోని తెలుగును గుడ్డిగా ఎక్కించొద్దు. అది చాలావరకు ఇంగ్లిష్ నుంచి కంప్యూటర్ మార్చిందే, దీర్ఘాలు అక్కడా ఎగిరిపోతాయి. చేర్పించేటప్పుడు తల్లో తండ్రో పలికింది విని రాసి, వాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం పెట్టించుకోవాలి.