వినపడట్లేదు అంటే, ఎవరికి?

వేసవిలో ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను న్యూజెర్సీలో కాఫీ కప్పుతో కూర్చుంటే, తెనాలిలో అమ్మకి సాయంత్రం ఆరవుతుంది. మొన్న ఆ వేళకే వీడియో కాల్‌లో నాన్నగారి శుక్లాల ఆపరేషన్ సంగతి మొదలుపెట్టింది. చేతులు తిప్పుతోంది, కన్ను చూపిస్తోంది, పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం రావట్లేదు. బొటనవేలు తగిలి మైకు ఆగిపోయింది. "అమ్మా, వినపడట్లేదు" అన్నాను. వెంటనే ఫోన్ పక్కనున్న బటన్ నొక్కి సౌండ్ పెంచింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ పెంచింది. మూడోసారి నా కేకకి పక్క గదిలో కునుకు తీస్తున్న నాన్నగారు లేచి కూర్చున్నారు.

తప్పు అమ్మది కాదు. తెలుగులో "వినపడట్లేదు" అంటే ఎవరికో, ఎవరి మాటో చెప్పనక్కర్లేదు. ఎదురుగా ఉంటే తెలిసిపోతుంది, ఫోన్‌లో తెలియదు. రేడియో కాలం నుంచీ ఆవిడకి తెలిసింది ఒకటే: వినపడకపోతే సౌండ్ పెంచాలి. వచ్చే మాటకీ పోయే మాటకీ వేరువేరు కుళాయిలున్నాయని ఆవిడకి ఏ యాప్ చెప్పింది గనక?

గీత కొట్టిన మైకు బొమ్మనే చూడండి. మైకు ఇప్పుడు ఆగి ఉందనా దాని అర్థం, నొక్కితే ఆగుతుందనా? కంప్యూటర్ మీద కొన్ని యాప్‌లలో ఇంకా తమాషా. బొమ్మేమో ఇప్పుడున్న సంగతి చెబుతుంది, కింద రాసిన "అన్‌మ్యూట్" నొక్కాక జరగబోయేది చెబుతుంది. ఎరుపు అడ్డగీత అక్కడ, కాల్ పెట్టేసే ఎర్ర బటన్ ఆ వరసలోనే. అమ్మ ఇప్పటికి రెండుసార్లు మాట మధ్యలో కాల్ పెట్టేసింది.

సౌండ్‌ది ఇంకో గొడవ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాల్‌కి ఒక వాల్యూమ్, పాటలకీ వీడియోలకీ ఒకటి, రింగుకి మరొకటి. సుప్రభాతానికి పెంచిన సౌండుతో ఫోన్ చెవిలో మోగకూడదు కాబట్టి అలా పెట్టారు, సబబే. కానీ కాల్ వచ్చే ముందే పూర్తిగా పెంచి పెట్టుకున్న మనిషికి నా గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఎందుకు వస్తోందో ఎవరు చెప్పాలి?

నేనూ ఇలాంటి స్క్రీన్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను కాబట్టి నిందలో నా వాటా నాకుంది. మేం టెస్ట్ చేయించేది పక్క సీట్లవాళ్ళతో. అందులో చత్వారం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. జూమ్‌లో మ్యూట్‌లో ఉన్నప్పుడు స్పేస్‌బార్ నొక్కి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపే మైకు తెరుచుకుంటుంది. చక్కటి ఆలోచన. అమ్మ ఫోన్‌కి స్పేస్‌బార్ ఏది? ఆ మాటకొస్తే 2020 మే 6న అమెరికా సుప్రీంకోర్టు ఫోన్‌లో వాదనలు వింటుండగా ఎవరిదో టాయిలెట్ ఫ్లష్ శబ్దం ప్రత్యక్ష ప్రసారంలో వినపడింది. అంత చదువుకున్నవాళ్ళకే మ్యూట్ చేతకాలేదు.

నేనడిగేది పెద్దదేం కాదు. మైకు ఆగితే స్క్రీన్ మధ్యలో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఇలా ఉండాలి: "మీ మాట అవతలికి వెళ్ళడం లేదు. వెళ్ళాలంటే ఇక్కడ నొక్కండి." మ్యూట్‌లో ఉండి మాట్లాడుతున్నామని కనిపెట్టే తెలివి కొన్ని యాప్‌లకి ఇప్పటికే ఉంది. కనిపెట్టి ఒక మూల చిన్న చీటీ చూపిస్తాయి. చీటీ ఎవరు చదువుతారు, ఫోన్ వైబ్రేట్ అవ్వాలి.

ఇక్కణ్ణుంచే అమ్మ మైకు తెరిచే వీలుంటే బాగుండునని మా ఆవిడ అంటుంది. అది మాత్రం నాకు వద్దు. మేం వినడం లేదనుకుని వాళ్ళిద్దరూ మా గురించి ఏం అనుకుంటారో అది వాళ్ళిష్టం. "మీ అబ్బాయి మైకు తెరవమంటున్నాడు" అని ఫోన్ అడిగితే చాలు, నొక్కడం మానడం ఆవిడ చేతిలో ఉండాలి.

ఈలోగా అమ్మ తన ఉపాయం తను చూసుకుంది. ఫోన్ కవరు అంచున, మైకు బొమ్మకి సరిగ్గా కింద, ఎర్ర బొట్టుబిళ్ళ అతికించింది. రెండు నెలలు భేషుగ్గా నడిచింది. పోయిన వారం యాప్ అప్‌డేట్ అయి మైకు బొమ్మ ఎడమకి జరిగింది. ఇప్పుడు బొట్టుకి ఎదురుగా ఉన్నది కెమెరా బటన్. ఈ ఆదివారం అమ్మ మాట చక్కగా వినపడింది, మనిషే కనపడలేదు.