జోకర్లు పెంచితే రమ్మీ మిగలదు

దీపావళి రమ్మీ పోటీకి మన సంఘంలో ఈసారి ఒక కొత్త ప్రతిపాదన వచ్చింది. రమ్మీలో ముక్కలు పంచాక ఒకటి తెరిచి, ఆ అంకె ముక్కలన్నిటినీ జోకర్లుగా, అంటే ఏ ముక్కకైనా బదులుగా వాడుకుంటాం కదా, అదే కట్ జోకర్. కట్ జోకర్‌తో పాటు దానికి ఒక మెట్టు పైముక్క, ఒక మెట్టు కిందిముక్క కూడా జోకర్లేనట. ఆట తొందరగా తేలిపోతుందనీ, కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా గెలుస్తారనీ చెబుతున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

జోకర్ పేకముక్కలంత పాతదని చాలామంది నమ్మకం. ఇటలీ వాళ్ల టారో ముక్కల్లో ఉండే విదూషకుడే ఇలా మారాడని కూడా అంటారు. ఆ టారో 15వ శతాబ్దం నాటిది. జోకర్‌కి దానితో సంబంధం లేదు. ఇది 1860ల్లో ఇక్కడే, అమెరికాలో, యూకర్ అనే ఆట కోసం పుట్టింది. ఆ ఆటలో తురుఫు జాకీది పైచేయి, దాని తర్వాత అదే ఎరుపులోనో నలుపులోనో ఉన్న రెండో జాకీది. వాటిని బవర్లు అంటారు. ఆ రెండింటినీ కొట్టే ముక్క ఒకటి కావాలనుకున్నారు ఆటగాళ్లు. న్యూయార్క్‌లో పేకముక్కలు అచ్చువేసే శామ్యూల్ హార్ట్ 1863లో 'ఇంపీరియల్ బవర్' పేరుతో అలాంటి ముక్కను అమ్మాడు. విదూషకుడి బొమ్మ స్థిరపడింది ఆ తర్వాతే.

అంటే మొదట్లో జోకర్ ఏ ముక్కకీ బదులు వచ్చేది కాదు, అన్నింటికన్నా పెద్ద తురుఫు. స్పేడ్స్ అనే ఆట ఆడేవాళ్లలో చాలామందికి పెద్ద జోకర్, చిన్న జోకర్ ఇప్పటికీ అలాంటివే. కావలసిన ముక్కగా మారిపోయే పని దానికి పోకర్‌లో వచ్చింది. మనం రమ్మీలో వాడుకునేది ఆ గుణాన్నే. ఇంకో విషయం, ఒహాయో, ఇండియానా, మిషిగన్ వైపు యూకర్ ఇంకా బాగా ఆడతారు గానీ ఎక్కువగా 24 ముక్కలతో, జోకర్ లేకుండానే. పుట్టింట్లోనే దాని అవసరం తీరిపోయింది!

మన 13 ముక్కల రమ్మీలో మాత్రం జోకర్‌కి మంచి చోటు దొరికింది, ఎందుకంటే దానికి ఒక హద్దు పెట్టారు. చేతిలో నాలుగు జోకర్లున్నా సరే, జోకర్ సాయం లేని వరుస, అంటే ప్యూర్ సీక్వెన్స్, ఒకటి పడకపోతే షో (ఆట పూర్తయిందని ముక్కలు చూపించడం) చెల్లదు. ఇస్పేటు అయిదు, ఆరు పట్టుకుని ఏడు కోసం చూడాలి, ఎదుటివాళ్లు ఏం ఎత్తారో, ఏం పడేశారో గుర్తుపెట్టుకోవాలి. అదృష్టం తలుపు తట్టినా ముందు మన పని మనం చేసుకోవాల్సిందే. నాకు రమ్మీ మీద ఇంత ప్రేమ ఉన్నది ఈ ఒక్క నియమం వల్లే.

ఒకసారి లెక్క చూడండి. రెండు పేకలు, రెండు పేపర్ జోకర్లు (జోకర్ బొమ్మే అచ్చయిన ముక్కలు) కలిపి 106 ముక్కలు. కట్ జోకర్లు ఎనిమిది, పేపర్ జోకర్లు రెండు, మొత్తం పది. సుమారు పది ముక్కలకొకటి. పైముక్కలనీ కిందిముక్కలనీ ఇస్పేటు, ఆఠీను లాంటి నాలుగు జాతుల్లోనూ కలిపితే ఆ పది కాస్తా 26 అవుతాయి, దాదాపు నాలుగింట ఒకటి. అప్పుడు ఒక్క ప్యూర్ సీక్వెన్స్ కుదిరితే చాలు, మిగతా చెయ్యి దానంతటదే నిండిపోతుంది. ఎవరు ఏం పడేశారో గమనించాల్సిన పనే ఉండదు. 21 ముక్కల ఆటలో పై, కింది జోకర్లు ఉన్నాయి కదా అంటారా? అక్కడ మూడు పేకలు, ప్యూర్ సీక్వెన్సులు కూడా మూడు కావాలి. ఆ బరువు తియ్యకుండా ఈ సౌకర్యం మాత్రం తెచ్చుకోవడం న్యాయం కాదు.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు ఇస్తూ, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని చెప్పింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నైపుణ్యమే అంది. అయితే క్లబ్బు ఆ ఆట మీద లాభం చేసుకుంటే నేరం కావచ్చని కూడా హెచ్చరించింది. మనం డబ్బు పెట్టి ఆడం, ఆడకూడదు కూడా. డబ్బు లేనప్పుడు ఆటలో ఉన్న ఆనందమంతా ఆ నైపుణ్యంలోనే ఉంది. దాన్ని కూడా తీసేస్తే టేబుల్ దగ్గర కూర్చోవడం దేనికి?

కొత్తవాళ్ల గురించి బెంగ ఉంటే వేరే టేబుల్ వేద్దాం. మొదటి గంట ముక్కలు తెరిచి పెట్టి, పక్కన ఒక పెద్దాయనో పెద్దావిడో కూర్చుని నేర్పిస్తే సరిపోతుంది. పోటీలో మాత్రం ఒక కట్ జోకర్, రెండు పేపర్ జోకర్లు, ప్యూర్ సీక్వెన్స్ తప్పనిసరి, అది లేకుండా షో చేస్తే 80 పాయింట్ల శిక్ష. కమిటీ ఈ నాలుగు మాటలే అచ్చు వేయించి టేబుళ్ల మీద పెట్టాలని కోరుతున్నాను.